ఆర్కిటెక్చర్ చదువులో పిల్లలు అసలేం నేర్చుకుంటారు? మదనపల్లె, పుంగనూరు, కుప్పం కుటుంబాల కోసం వివరంగా

ఇంటర్ ఎంపీసీ పూర్తయ్యే సమయానికి మన ఇళ్లల్లో వినిపించే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. "మావాడు బొమ్మలు బాగా వేస్తాడు, ఆర్కిటెక్చర్‌లో చేర్చేద్దాం" అంటారు ఒకరు. "సివిల్ ఇంజనీరింగ్ చదివినా ఇల్లే కదా కట్టేది, ఇంకో ఏడాది ఎక్కువెందుకు?" అంటారు ఇంకొకరు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. కానీ ఆ రెండింటినీ నమ్ముకుని ఐదేళ్ల కాలాన్ని, ఇంటి డబ్బును పెట్టేస్తే తర్వాత ఇబ్బంది పడేది పిల్లలే. అందుకే ఈ చదువులో ఏం నేర్పుతారు, ఏ హునర్ చేతికొస్తుంది, అది ఎవరికి సరిపోతుంది అనేది ముందే తెలుసుకోవడం మంచిది.

ఒక్క మాటలో చెప్పాలంటే, ఇంకా కట్టని చోట మనుషులు ఎలా బతుకుతారో ముందుగానే కాగితం మీద తేల్చడం, తేల్చినదానికి బాధ్యత వహించడం ఈ చదువు సారం. బొమ్మ గీయడం అందులో పైకి కనిపించే భాగం మాత్రమే.

ఆర్కిటెక్ట్ అని ఎవరిని అనాలి?

మన దేశంలో దీనికి చట్టం ఉంది. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఏర్పడింది. గుర్తింపు ఉన్న కాలేజీలో డిగ్రీ చేసి ఈ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకున్నవారే తమను తాము "ఆర్కిటెక్ట్" అని చెప్పుకోవాలి. 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దీన్ని ఇంకా స్పష్టం చేసింది. చట్టం ఆంక్ష పెట్టింది ఆ పేరు వాడుకోవడం మీదేనని, డిజైన్ పని వేరేవాళ్లు చేయడాన్ని ఈ చట్టం ఆపడం లేదని చెప్పింది. ఊళ్లో ప్లాన్ గీసేవాళ్లు ఎందరో కనిపిస్తారు గానీ వాళ్లందరూ ఆర్కిటెక్టులు కారు.

సివిల్ ఇంజనీర్‌కూ ఆర్కిటెక్టుకూ తేడా ఏమిటంటే, భవనం నిలబడుతుందా, ఎంత బరువు మోస్తుంది, ఇనుము ఎంత పడుతుంది అనే లెక్కల లోతు ఇంజనీరుది. ఆ భవనంలో ఎవరుంటారు, ఎటు నుంచి వస్తారు, వెలుతురు ఎక్కడ పడాలి, ఏ గది దేని పక్కన ఉండాలి అనేది ఆర్కిటెక్టు తేల్చాలి. పెద్ద కట్టడాల్లో ఇద్దరూ కలిసి కూర్చోవాల్సిందే. షికాగోలో 1973లో పూర్తయిన సియర్స్ టవర్‌కు ఆర్కిటెక్ట్ బ్రూస్ గ్రాహం అయితే, అంత ఎత్తు నిలబడే నిర్మాణ పద్ధతిని రూపొందించింది ఢాకా ప్రాంతంలో పుట్టి పెరిగిన ఇంజనీర్ ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్.

మొదటి పాఠం: చూడటం, కొలవడం

బీఆర్క్ మొదటి ఏడాదిలో చాలామంది పిల్లలకు ఆశ్చర్యం కలిగించేది ఇదే. కొత్త భవనాలు గీయమనే ముందు ఉన్నవాటిని కొలవమంటారు. టేపు పట్టుకుని గోడ మందం, కిటికీ ఎత్తు, గడప వెడల్పు రాసుకోవాలి. వాటిని 1:50 లేదా 1:100 స్కేలులో కాగితం మీదికి తేవాలి. 1:100 అంటే నేల మీద ఒక మీటరు కాగితం మీద ఒక సెంటీమీటరు అవుతుంది.

పాత కట్టడాన్ని ఇలా కొలిచి గీయడాన్ని మెజర్డ్ డ్రాయింగ్ అంటారు. మదనపల్లె పిల్లలకు అలాంటి బడి దగ్గర్లోనే ఉంది. గుర్రంకొండ కోట, కొండ కింది రంగినీ మహల్ చూసి వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు. కమాను ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, గోడ అంత మందంగా ఎందుకుంది, లోపల చల్లగా ఎందుకుంది అని అడుగుతూ చూసేవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నలు అడిగే అలవాటును ఈ చదువు నేర్పుతుంది.

గీతలో మూడు భాషలు

ప్లాన్, సెక్షన్, ఎలివేషన్ అనే మూడు మాటలు వచ్చాయంటే సగం డ్రాయింగ్ వచ్చినట్టే. కిటికీల ఎత్తు దగ్గర ఇంటిని అడ్డంగా కోసి పైనుంచి చూస్తే ప్లాన్. నిలువుగా కోసి పక్క నుంచి చూస్తే సెక్షన్. బయట నిలబడి ఒక వైపు చూస్తే ఎలివేషన్. మనవాళ్లు ఇల్లు కట్టేటప్పుడు ప్లాన్, ముందువైపు ఎలివేషన్ మాత్రమే చూసి ఒప్పుకుంటారు. మెట్ల కింద తల తగులుతుందా, వాన నీళ్లు ఎటు పోతాయి, వెంటిలేటర్ నుంచి వేడి గాలి బయటికి పోతుందా అనేవి సెక్షన్‌లోనే తెలుస్తాయి. మంచి విద్యార్థి ఎక్కువ సమయం సెక్షన్ మీదే పెడతాడు.

చేత్తో గీయడం బాగా అలవాటయ్యాక ఆటోక్యాడ్, స్కెచప్, రెవిట్ లాంటి సాఫ్ట్‌వేర్లు వస్తాయి. అట్టలు, థర్మకోల్ కోసి మోడళ్లు చేయడం కూడా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఒక్కటే నేర్చుకుంటే ఆర్కిటెక్ట్ అయిపోరు. ఆలోచన లేకపోతే కంప్యూటర్ తప్పు గదిని కూడా అందంగా గీసి చూపిస్తుంది.

లెక్క ఎక్కడ పనికొస్తుంది? మెట్ల ఉదాహరణ

ఆర్కిటెక్చర్‌లో గణితం తక్కువని కొందరు అనుకుంటారు. ఇంజనీరింగ్‌లో ఉన్నంత ఉండదు గానీ రోజూ ఉంటుంది. మన ఇళ్ల మెట్లనే తీసుకోండి. మూడు సెంట్ల స్థలం అంటే దాదాపు 1,307 చదరపు అడుగులు. అందులో మేడ మీదికి మెట్లు కావాలి. కింది నేల నుంచి పై నేలకు ఎత్తు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. 18 మెట్లు వేస్తే ఒక్కో మెట్టు ఎత్తు ఆరు ముప్పాతిక అంగుళాల లోపే ఉంటుంది. పెద్దవాళ్లు ఆయాసం లేకుండా ఎక్కగలరు. కాలు పెట్టే చోటు 10 అంగుళాలు ఉండాలి. ఒకే వరసలో వేస్తే 17 అడుగుచోట్లకు 14 అడుగులకు పైగా పొడవు కావాలి. మధ్యలో మలుపు తిప్పి తొమ్మిదేసి మెట్లుగా విడదీస్తే, మూడు అడుగుల చదును కలిపి 10 అడుగుల లోపు సరిపోతుంది.

జాతీయ భవన నియమావళి ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు మించకూడదని, అడుగుచోటు 250 మిల్లీమీటర్లకు తగ్గకూడదని చెబుతుంది. స్థలం మిగుల్చుకోవాలని 9 అంగుళాల ఎత్తు మెట్లు పెట్టేస్తే ఆ ఇంట్లో నానీ, దాదీ మేడ మీదికి వెళ్లడం మానేస్తారు. గీతలో రెండు అంగుళాల తేడా ఒక మనిషి ఇరవై ఏళ్ల బతుకును మారుస్తుంది. ఈ ఎరుకను పిల్లల్లో పెంచడమే ఆ లెక్కల ఉద్దేశం.

ఎండ, గాలి, వాన

వాతావరణం గురించి విడిగా ఒక సబ్జెక్టు ఉంటుంది. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది. రాత్రులు తిరుపతి, కడప కంటే చల్లగా ఉంటాయి. మందులు రాకముందు క్షయ రోగులకు శుభ్రమైన గాలి, ఎండ, విశ్రాంతి, తిండే చికిత్స. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి వెలిసింది ఆ రోజుల్లోనే. గది గాలాడేలా ఉండటం అప్పట్లో వైద్యంలో భాగం. గాలి ఆడని గదులు ఇప్పటికీ రోగాలకు దారి తీస్తాయి.

మన ప్రాంతం భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 13 డిగ్రీల దగ్గర ఉంది. అందువల్ల ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన తలకు కొంచెం ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరులో దక్షిణంగా వాలి, నేలకు సుమారు 53 డిగ్రీల ఎత్తులో కనిపిస్తాడు. అప్పుడు దక్షిణం కిటికీ మీద రెండడుగుల సజ్జ ఉంటే మధ్యాహ్నం దాని కింద రెండున్నర అడుగులకు పైగా నీడ పడుతుంది. అదే సజ్జ పడమర కిటికీ మీద సాయంత్రం అడుగు నీడ కూడా ఇవ్వదు, ఎండ అప్పుడు ఏటవాలుగా లోపలికే వస్తుంది. కాబట్టి నాలుగు వైపులా ఒకే సజ్జ పెట్టడం డబ్బు దండగ. పడమర వైపు మెట్లు, స్నానాల గది, సామాన్ల గది పెడితే పడకగది చల్లగా ఉంటుంది. ఇందులో పైసా అదనపు ఖర్చు లేదు.

డిజైన్ స్టూడియో, జ్యూరీ

ఐదేళ్లూ నడిచే అసలు సబ్జెక్టు డిజైన్ స్టూడియో. టీచర్ ఒక స్థలం, ఒక అవసరం ఇస్తారు. విద్యార్థి వారాల తరబడి గీస్తాడు, చెరిపేస్తాడు, మళ్లీ గీస్తాడు. చివర్లో జ్యూరీ ముందు గోడకు షీట్లు తగిలించి ప్రతి గోడ ఎందుకు అక్కడ ఉందో చెప్పాలి. కొందరు మాస్టార్లు మొహమాటం లేకుండా విమర్శిస్తారు. కష్టపడి చేసినదాన్ని నలుగురిలో తప్పని వినడం, ఏడవకుండా రాసుకోవడం, వారంలో సరిదిద్దుకుని రావడం కూడా ఇక్కడ నేర్చుకునే విద్యే. మొదటి ఏడాది చాలామంది డీలా పడేది ఇక్కడే. ఇంట్లోవాళ్లకు ఇది ముందే తెలిసి ఉంటే పిల్లలకు ధైర్యం చెప్పగలరు.

స్టూడియోలో ఎలాంటి చిక్కు వస్తుందో మనకు దగ్గరి ఉదాహరణతో చూద్దాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం నుంచి ఖిబ్లా సరిగ్గా పడమర కాదు. పడమర నుంచి ఉత్తరానికి దాదాపు 17, 18 డిగ్రీలు వాలి ఉంటుంది. స్థలమేమో రోడ్డును బట్టి ఉంటుంది. మసీదు గోడలు రోడ్డుకు సమంగా కడితే లోపల సఫ్‌లు వంకరగా వస్తాయి, మూలల్లో చోటు వృథా అవుతుంది. ఖిబ్లాకు సమంగా కడితే బయట ముక్కలు ముక్కలుగా స్థలం మిగులుతుంది. ఏం చేయాలి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో 17వ శతాబ్దంలో షా మసీదు కట్టినవాళ్లు ద్వారాన్ని మైదానం వైపే ఉంచి, లోపలికి వచ్చాక దారిని మలిచి ప్రార్థన స్థలాన్ని ఖిబ్లా వైపు తిప్పారు. ఢాకాలో మెరీనా తబస్సుమ్ అనే ఆర్కిటెక్ట్ బైతుర్ రవూఫ్ మసీదులో చతురస్రం లోపల ఒక వలయాన్ని పెట్టి, ఆ వలయంలో ప్రార్థన హాలును ఖిబ్లా వైపు తిప్పారు. మధ్యలో మిగిలిన ఖాళీలనుంచి లోపలికి వెలుతురు తెచ్చారు. దానికి 2016లో ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. ఇబ్బందిగా ఉన్న కోణాన్నే అందంగా మార్చడం డిజైన్ పని.

సామగ్రి, మేస్త్రీల విద్య

ఇటుక, రాయి, కలప, కాంక్రీటు, ఇనుము ఒక్కొక్కటి ఎలా ప్రవర్తిస్తుందో నేర్పే సబ్జెక్టులు మూడు, నాలుగేళ్లు నడుస్తాయి. వాటితో పాటు స్ట్రక్చర్స్, నీళ్ల పైపులు, డ్రైనేజీ, కరెంటు, శబ్దం, మంటల నుంచి రక్షణ, సర్వేయింగ్ ఉంటాయి. కడప బండ నేలకు ఎందుకు మంచిది, కుప్పం చుట్టుపక్కల దొరికే గ్రానైట్‌ను ఎక్కడ వాడాలి, పాత మట్టి మిద్దెలు వేసవిలో చల్లగా ఉండి కాంక్రీటు స్లాబు రాత్రిదాకా వేడి ఎందుకు వదులుతుంది అనే ప్రశ్నలకు ఇక్కడ జవాబు దొరుకుతుంది.

ఇక్కడే మన కుటుంబాలకు ఒక మంచి మాట చెప్పాలి. తాపీ మేస్త్రీ, వడ్రంగి, వెల్డర్, టైల్స్ పని, ప్లంబింగ్ చేసే ఇళ్ల పిల్లలు ఈ చదువులోకి వట్టి చేతులతో రారు. స్లాబు పోశాక కనీసం వారం రోజులు నీళ్లు పట్టాలని, తలుపు చట్రం ఎప్పుడు నిలబెట్టాలో, సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలో అబ్బా దగ్గర వినే పెరిగి ఉంటారు. తోటి విద్యార్థులు పుస్తకంలో చదివేదాన్ని వాళ్లు కళ్లతో చూసి ఉంటారు. ఆ జ్ఞానాన్ని చిన్నతనంగా చూడకూడదు.

ఈజిప్టులో హసన్ ఫతీ అనే గొప్ప ఆర్కిటెక్ట్ 1940ల్లో లక్సర్ దగ్గర న్యూ గూర్నా అనే ఊరు కట్టారు. చెక్క సెంట్రింగ్ లేకుండా మట్టి ఇటుకలతో కమాను కప్పులు వేసే విద్యను ఆయన నూబియా మేస్త్రీల దగ్గర నేర్చుకున్నారు. ఊరు అందంగా వచ్చింది. కానీ ఎవరి కోసం కట్టారో ఆ జనంలో చాలామంది అక్కడికి రాలేదు, వాళ్ల జీవనం పాత ఊరితోనే ముడిపడి ఉంది. మేస్త్రీ నుంచి నేర్చుకోవాలి, ఉండబోయేవాళ్ల మాట కూడా వినాలి. ఒకే ఊరు రెండు పాఠాలూ నేర్పుతుంది.

వినడం కూడా ఒక హునర్

ఇల్లు కట్టించుకునేవాళ్లు తమకు కావాల్సింది సరిగ్గా చెప్పలేరు. "రెండు బెడ్‌రూమ్‌లు, ఒక హాలు" అంటారు. విద్యార్థి ఇంకా అడగాలి. బయటి మగవాళ్లు వచ్చి హాల్లో కూర్చుంటే అమ్మీ వంటింటి నుంచి పడకగదికి ఎటు నుంచి వెళుతుంది? వుజూ చేసే చోటు నీళ్లు ఎటు పోతాయి? పండక్కి నలభై మంది వస్తే దస్తర్‌ఖాన్ ఎక్కడ పరుస్తారు? మరుగుదొడ్డిలో కూర్చునే దిశ గురించి ఇంట్లోవాళ్ల పట్టింపు ఏమిటి? ఇవి అడగకుండా గీసిన ప్లాన్‌ను ఆ కుటుంబం తర్వాత పరదాలతో, ప్లైవుడ్ అడ్డాలతో సరిదిద్దుకుంటూ బతుకుతుంది.

ఇళ్లు దాటితే ఇంకా పెద్ద ప్రశ్నలు వస్తాయి. మదనపల్లె టమాటా మార్కెట్ యార్డును డిజైన్ చేయమంటే లారీ ఎంత వెడల్పులో తిరుగుతుంది, పెట్టెలకు నీడ ఎక్కడ, కుళ్లిన సరుకు ఎటు పోవాలి, హమాలీలు ఎక్కడ కూర్చుంటారు అని తెలుసుకోవాలి. నీరుగట్టువారిపల్లెలో పట్టు నేసే కుటుంబానికి ఇల్లు గీయాలంటే ముందు మగ్గం పొడవు కొలవాలి, దాని మీద వెలుతురు ఎటు నుంచి పడాలో చూడాలి. పుంగనూరు ఆవుకు కొట్టం గీయాలంటే ఆ ఆవు మూడడుగుల ఎత్తే ఉంటుందని తెలియాలి. మామూలు ఆవు కొలతతో గాడి పెడితే దాని మూతికి అందదు.

చరిత్ర, చట్టం, ఖర్చు

చరిత్ర పాఠాల్లో గుళ్లు, మసీదులు, కోటలు, ప్రపంచ నగరాలు అన్నీ వస్తాయి. పాత కట్టడాన్ని కాపీ కొట్టడం కోసం చరిత్ర చదవరు, అప్పటివాళ్లు ఏ అవసరాన్ని ఎలా తీర్చారో తెలుసుకోవడం కోసం చదువుతారు. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీ కట్టాలనుకున్నప్పుడు నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను విదేశాల్లోని యూనివర్సిటీలు చూసి రమ్మని పంపింది. తర్వాత బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ డిజైన్‌తో ఆర్ట్స్ కాలేజీ లేచింది, 1939లో ప్రారంభమైంది. గీసే ముందు తిరిగి చూడాలన్నది అప్పటికే తెలిసిన సూత్రం.

ఇవి కాక ఎస్టిమేషన్, భవన నిబంధనలు, కాంట్రాక్టులు, వృత్తి నీతి నేర్పుతారు. రోడ్డు నుంచి ఎంత వదలాలి, గది కనీసం ఎంతుండాలి, మున్సిపల్ అనుమతికి ఏం కావాలి అనేవి తెలియాలి. కట్టించుకునేవారి డబ్బు తన డబ్బులా చూడటం, తెలిసిన షాపు నుంచి కమీషన్ తీసుకుని నాసిరకం సరుకు రాయకపోవడం కూడా చదువులో భాగమే.

చివరి రెండేళ్లలో ఒక సెమిస్టర్ ఏదైనా ఆర్కిటెక్ట్ ఆఫీసులో శిక్షణ ఉంటుంది. ఐదో ఏడాది సొంతంగా ఒక పెద్ద ప్రాజెక్టు, అంటే థీసిస్ చేయాలి. అప్పుడు మన ఊరి సమస్యనే ఎంచుకుంటే అది డిగ్రీతో పాటు ఊరికీ పనికొస్తుంది.

ఎవరికి సరిపోతుంది? ఎలా చేరాలి?

బొమ్మలు అద్భుతంగా వేయాల్సిన పనిలేదు, గీత ద్వారా ఆలోచన చెప్పగలిగితే చాలు. ఓపిక, ప్రశ్నలడిగే గుణం, విమర్శ తట్టుకునే శక్తి ఎక్కువ అవసరం. ఆడపిల్లలకు ఇది కుదరదు అనుకోవద్దు. బాగ్దాద్‌లో పుట్టిన జహా హదీద్ బేరూత్‌లో గణితం చదివి, లండన్‌లో ఆర్కిటెక్చర్ నేర్చుకుని, 2004లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న మొదటి మహిళ అయ్యారు. సైట్ మీదికి వెళ్లాల్సి ఉంటుంది, నిజమే. ఆఫీసులో, ఇంట్లో కూర్చుని చేసే డిజైన్ పని కూడా చాలా ఉంటుంది.

చేరడానికి ఈ విషయాలు గుర్తుంచుకోండి:

• ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరి. మ్యాథ్స్ లేని బైపీసీతో కుదరదు.

• నాటా పరీక్ష గానీ, జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ గానీ రాయాలి. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, ఎన్ఐటీల సీట్లకు జేఈఈ పేపర్ 2ఏ ర్యాంకు కావాలి. ఎంసెట్, అంటే ఇప్పటి ఈఏపీసెట్ ర్యాంకుతో బీఆర్క్ సీటు రాదు. ఇది తెలియక ఏడాది పోగొట్టుకునేవాళ్లున్నారు.

• ప్రభుత్వ రంగంలో విజయవాడ ఎస్‌పీఏ, కడపలోని ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ ఉన్నాయి. జామియా మిల్లియా, అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీల్లోనూ బీఆర్క్ ఉంది. మనకు దగ్గరది కడప.

• పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి ఆర్కిటెక్చరల్ అసిస్టెంట్‌షిప్ డిప్లొమా చేసే దారి కూడా ఉంది. మ్యాథ్స్‌తో డిప్లొమా చేసినవారు తర్వాత బీఆర్క్‌కు వెళ్లొచ్చు.

• ప్రైవేటు కాలేజీలో ఫీజు కట్టే ముందు కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీకి ఈ ఏడాది అనుమతి ఉందో లేదో, ఎన్ని సీట్లకో చూడండి. అనుమతి లేని చోట ఐదేళ్లు చదివినా ఆర్కిటెక్ట్‌గా నమోదు కాలేరు.

• ఫీజుతో పాటు మంచి ల్యాప్‌టాప్, షీట్లు, ప్రింట్లు, మోడల్ సామాన్లు, టూర్ల ఖర్చు లెక్కేసుకోండి. ఉద్యోగం వచ్చిన మొదటి రెండు మూడేళ్లు జీతాలు పెద్దగా ఉండవు, అనుభవంతోనే పెరుగుతాయి.

• ఉర్దూ, తెలుగు మీడియం పిల్లలు భయపడొద్దు. జ్యూరీలో ఇంగ్లిష్‌లో మాట్లాడాలి కాబట్టి ఇంటర్ నుంచే రోజూ పది నిమిషాలు ఏదో ఒక భవనం గురించి ఇంగ్లిష్‌లో చెప్పడం అలవాటు చేయండి.

పిల్లల్లో ఇష్టముందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. సెలవుల్లో ఒక టేపు, గళ్ల కాగితం ఇచ్చి సొంత ఇంటి ప్లాన్, సెక్షన్ గీయమనండి. తర్వాత ఈ ఇంట్లో ఇబ్బందిగా ఉన్న మూడు విషయాలు అమ్మీని, దాదీని అడిగి, వాటిని పెద్ద ఖర్చు లేకుండా ఎలా మార్చొచ్చో గీసి చూపించమనండి. రెండు రోజులు దాంట్లోనే మునిగిపోయి, మూడో రోజు మళ్లీ చెరిపి గీస్తున్నారంటే ఆ పిల్లలను ఈ చదువు పిలుస్తున్నట్టే. గంటలో విసిగి పక్కన పడేస్తే వేరే దారి చూడటంలో తప్పేమీ లేదు. ఐదేళ్ల నిర్ణయానికి మూడు రోజుల పరీక్ష చాలా చవక.